తన్‌ఖా లేని ఫౌజు

మందమర్రిలో నెపోలియన్ కాలం నాటి జంగ్ జరిగిందంటే ఎవరైనా నవ్వుతారు. జరిగింది. మా ఇంట్లో, షత్రంజీ మీద, మూడు ఆదివారాలు. అటు కంపెనీ ఇంగ్రేజుల పటాలాలు, ఇటు నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాలు. ఇంగ్రేజుల వైపు మా బేటీ గుడ్డీ, ఇంటర్ సెకండియర్. ఫ్రెంచి వైపు మా చోటూ, తొమ్మిదో తరగతి. నడిమిట్ల అంపైర్ కుర్చీలో మా అబ్బా, సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా రిటైరైన మనిషి. ఇక నేను ఇటు చిట్టీలు అటు, అటు చిట్టీలు ఇటు మోసే హర్కారాని.

ఈ జంగ్ చరిత్రలో లేదు. 1798 అక్టోబర్‌లో జరగవలసి ఉండి, జరగకుండా పోయింది. అందుకే చోటూకి అది కావలసి వచ్చింది.

అసలు సంగతి ఇదీ. నిజాం అలీ ఖాన్ కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి అఫ్సర్ ఉండేవాడు. గాస్కనీలో పుట్టి, పాండిచ్చేరి మీదుగా దక్కన్‌కు వచ్చినవాడు. చిన్న దళంతో మొదలుపెట్టి సుమారు 14,000 మంది సిపాయిలకు ఫ్రెంచి పద్ధతిలో కవాతు నేర్పించాడు. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అంటామే, పాత పేరు తోప్ కా సాంచా, అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. మన వాళ్ళు ఆయన్ని మూసా రహీమ్ అని పిలుచుకున్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. మూసారాంబాగ్ బస్సెక్కే వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పేరు ఈ ఫ్రెంచి మనిషిదే. ‘ఫిరంగి’ మాట కూడా అలాంటిదే. ఫారసీలో ఫరంగీ అంటే యూరప్ మనిషి. తెలుగులోకి వచ్చేసరికి మనిషి పోయి తోపు మిగిలింది. తెలుగు డిగ్రీలో మా లెక్చరర్ అన్యదేశ్యాల పాఠం చెప్తుంటే నాకు ఒక్కటీ అన్యదేశంగా అనిపించేది కాదు, అన్నీ మా ఇంటి మాటలే.

రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. ఆయన జాగాలోకి పిరోన్ అనే ఇంకో ఫ్రెంచి అఫ్సర్ వచ్చాడు. అదే ఏడు జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి నిద్ర పట్టలేదు. శ్రీరంగపట్నంలో టీపూ, హైదరాబాద్‌లో 14,000 మంది ఫ్రెంచి తర్బియత్ సిపాయిలు, సముద్రానికి అవతల నెపోలియన్, ముగ్గురూ ఒకే గీత మీద కనిపించారు. సెప్టెంబర్ 1న నిజాంతో ఒప్పందం రాయించుకున్నాడు: ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, దాని బదులు కంపెనీ పటాలాలను పోషించాలి. అక్టోబర్‌లో కల్నల్ రాబర్ట్స్ కంపెనీ పటాలాలతో హైదరాబాద్ చేరాడు. 22వ తేదీన ఫ్రెంచి ఛావనీని చుట్టుముట్టారు. సాయంత్రానికల్లా తుపాకులన్నీ కింద ఉన్నాయి. జంగ్ లేదు.

చోటూ క్లాసులో ఒక పిల్లగాడు ఎక్కడో వీడియోలో చూసి అన్నాడట: “మీ నిజాం ఫౌజు ఒక్క తూటా పేల్చకుండ చేతులెత్తిందట గదరా!” చోటూ ఇంటికొచ్చి బ్యాగు విసిరేశాడు. ఫౌజు సంగతి కాదు వాడి గుస్సా. ఆ ‘మీ’ దగ్గర. మా దాదా తట్ట పట్టుకుని బొగ్గు మోయడానికి ఈ ఊరొచ్చినవాడు. నిజాం మాకు రాసిచ్చిందేమీ లేదు. అయినా ప్రతి తరంలో ఎవడో ఒకడు ఆ రాజ్యాన్ని తెచ్చి మా పిల్లల నెత్తిన పెడుతూనే ఉంటాడు. ఉర్దూ మీడియం బడిలో నేను చదివేటప్పుడు ఇంకో రకం బరువు ఉండేది. టీపూ మీద తఖ్రీర్ పోటీలు, మీర్ సాదిఖ్ పేరు చెప్పి గద్దార్ అని తిట్టడం. లొంగిపోయినవాడు ఆ బడిలో గద్దార్, ఈ వీడియోలో పిరికివాడు. ఆ 14,000 మందికి మూడో పేరేదీ నాకు రెండు భాషల్లోనూ దొరకలేదు.

“వాళ్ళు కొట్లాడితే ఏమయ్యేదో చూద్దాం” అన్నాడు చోటూ. గుడ్డీ వెంటనే, “నేను ఇంగ్రేజు” అంది. తమ్ముణ్ణి ఓడించే మౌకా అది ఎప్పుడూ వదులుకోదు.

ఇటువంటి ఆటలు విలాయత్‌లో పెద్దవాళ్ళ షౌక్. చిటికెన వేలంత సీసపు బొమ్మలు, ప్లాస్టిక్ బొమ్మలు కొని, ఒక్కో గుండీకి రంగు వేసి, బల్ల మీద పరిచి, కొలబద్దతో కొలుస్తూ నెపోలియన్ కాలం జంగ్‌లు ఆడతారు. జరిగినవీ ఆడతారు, జరగనివీ ఆడతారు. హెచ్.జి.వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లోనే దీని మీద కితాబు రాశాడు. ఆ బొమ్మలు తెప్పించుకోవాలంటే మా ఇంటి నెల సరుకులు ఆపాలి. మేము మంచిర్యాల బజారులో పచ్చ ప్లాస్టిక్ సిపాయిల ప్యాకెట్లు కొన్నాం. వాళ్ళ నెత్తిన ఇప్పటి హెల్మెట్లు. చోటూ ఎం-సీల్ ముద్ద చిన్న చిన్నగా తుంచి ఒక్కొక్కడికీ పగడీ చుట్టాడు. రాత్రుళ్ళు కూర్చుని రెండు వందల దాకా పగడీలు. ఇంగ్రేజు సిపాయిల ఎర్ర కోట్లకు గుడ్డీ నెయిల్ పాలిష్, అది అయిపోయాక బేగం నెయిల్ పాలిష్. కాళ్ళ కింద పాత షాదీ కార్డుల అట్ట ముక్కలు. బాల్‌పెన్ గొట్టాలకు చొక్కా గుండీలు చక్రాలుగా పెడితే తోపులయ్యాయి. కమాండర్లకు మాత్రం రెండు నిర్మల్ గుర్రాలు, పొనికి కర్రవి, నా పెళ్ళికి ఎవరో ఇచ్చినవి. సిపాయిల పక్కన అవి ఏనుగుల్లా కనిపిస్తాయి. ఫరవాలేదు, కమాండర్లకు తమ గుర్రాలు అట్లాగే కనిపిస్తాయి కదా.

ఒక బొమ్మ అంటే వంద మంది. చోటూకి నూట నలభై బొమ్మలు, ఐదు తోపులు. గుడ్డీకి కంపెనీ పటాలాలు అరవై బొమ్మలు, నిజాం సవార్లు ఇరవై, మూడు తోపులు. కొలత ఇంచుల్లో కాదు, జానల్లో. పాదచారి ఒక దెబ్బకు జానెడు నడుస్తాడు, సవారు మూడు జానలు. తుపాకీ రెండు జానల దాకా తగులుతుంది, తోపు ఆరు. ఎవరి జాన అన్న తగాదా వచ్చింది. గుడ్డీ చేతి జానే అందరికీ అని అబ్బా తేల్చారు.

ముందు అమ్మీ ఇజాజత్ కావాలి. అమ్మీ రెండు అభ్యంతరాలు పెట్టింది. ఒకటి, ఇంటి నిండా బొమ్మలేమిటి, నమాజ్ చదివే గది. నేను హజ్రత్ ఆయెషా బొమ్మల సంగతి గుర్తు చేశాను, వాటిలో రెక్కల గుర్రం కూడా ఉండేదని హదీసులో ఉంది. “అది చిన్నపిల్లల ఖేల్, నీకు నలభై దాటినయ్” అంది అమ్మీ. చివరికి ఆట అయిపోగానే అన్నీ బిస్కెట్ డబ్బాలోకి, షెల్ఫులో పేర్చడం లేదు అన్న షర్తు మీద ఒప్పుకుంది. రెండోది గట్టిది. పాచికలు. ఇలాంటి ఆటల్లో దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక వేసి తేలుస్తారు. “మేరే ఘర్ మే పాసా నై పడ్తా” అంది అమ్మీ. ఇందులో పందెం లేదమ్మీ అన్నా వినలేదు. పాసా అంటే పాసాయే.

నేను ఇక్కడ ఒక పాత దారి ఎక్కాను. ఈ జంగీ ఆటల పుట్టుక ప్రష్యాలో. రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుకు ఇలాంటి బల్ల చూపించాడు, కొడుకు 1824లో ఖాయిదాలు అచ్చు వేశాడు, అఫ్సర్లకు తర్బియత్ కోసం. అందులో పాచికలున్నాయి, లెక్కల పట్టికలున్నాయి. తర్వాత అఫ్సర్లకు ఆ పట్టికలతో విసుగొచ్చింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే జనరల్, పాచికలూ పట్టికలూ పక్కన పెట్టండి, జంగ్ చూసిన తజ్రుబా ఉన్న మనిషిని అంపైర్‌గా కూర్చోబెట్టండి, ఆయన చెప్పిందే ఫైసలా అన్నాడు. మాకు జంగ్ చూసిన మనిషి లేడు. కానీ ముప్ఫై ఏళ్ళు బాయిలో సర్దార్‌గిరీ చేసిన మనిషి ఉన్నారు.

బాయి తెలియని వాళ్ళకు ఒక మాట. సర్దార్ అంటే దొర కాడు. షిఫ్టు జనం లోపలికి పోయే ముందు తాను పోయి, కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వినేవాడు. గట్టి చప్పుడైతే సరే, డొల్ల చప్పుడైతే ఆ జాగాలో ఎవరినీ పనికి పెట్టడు. గ్యాస్ చూస్తాడు, గాలి చూస్తాడు, మందు పెట్టి పేల్చేచోట మనుషుల్ని దూరం జరుపుతాడు. ఎవరు వచ్చారు, ఎవరు నాగా, ఎవడు తాగి వచ్చాడు, ఎవడి ఇంట్లో బీమారి ఉంది, అన్నీ తెలియాలి. ఆలోచిస్తే ఆ మాటలన్నీ ఫౌజువే. సర్దార్ ఫౌజుది. మస్టర్ కూడా ఫౌజుదే, సిపాయిలను నిలబెట్టి లెక్కపెట్టడం. కల్యాణిఖనిలో పొద్దున పడే మస్టరుకూ ఛావనీలో పడే మస్టరుకూ పని ఒక్కటే.

“నేనేం జెప్తా, నాకేం దెల్సు ఫౌజు సంగతి” అన్నారు అబ్బా. అంటూనే కుర్చీ షత్రంజీ దగ్గరికి లాక్కున్నారు.

మొదటి ఆదివారం. మా కహానీ ప్రకారం పిరోన్ నిజాం హుకుం ఒప్పుకోడు. 21 రాత్రే ఛావనీ వదిలి దక్షిణానికి కదులుతాడు. కృష్ణ దాటితే టీపూ దిక్కు. కంపెనీ ఫౌజు వెంటపడి, దిండి వాగు దగ్గర దారి కాస్తుంది. షత్రంజీ మీద గుడ్డీ నీలం దుపట్టా వాగు. మడతపెట్టిన రజాయి మీద దుప్పటి కప్పితే గుట్ట. చోటూ డబ్బా మూత తీసి నూట నలభై బొమ్మలూ కుప్పగా పోశాడు.

“ఆగు” అన్నారు అబ్బా. “మస్టర్ ఏది?”

“నూట నలభై దాదా. లెక్కపెట్టుకో.”

“బొమ్మలు నూట నలభై. మనుషులెందరొచ్చిన్రు? తన్‌ఖా ఇచ్చినవా?”

చోటూ నా వైపు చూశాడు. మేము రాసుకున్న ఖాయిదాల్లో జీతం లేదు. తుపాకీ ఉంది, గుర్రం ఉంది, బురద ఉంది, చీకటి ఉంది. జీతం లేదు. విలాయత్ ఖాయిదాల్లో కూడా సిపాయి ధైర్యానికి ఒక లెక్క ఉంటుంది గానీ, వాడి జేబుకు లెక్క చూసినట్టు నాకు గుర్తు లేదు.

“నిజాం హుకుం కాదని పోతున్నవు గద. ఇక నిజాం ఖజానా నీకు తన్‌ఖా ఇయ్యది. పాత బకాయి కూడ ఉంటది. ఫౌజుల్లో బకాయి లేకుంట ఎన్నడన్న ఉన్నదా? రాత్రికి రాత్రి పెండ్లాం పిల్లల్ని ఇడిశిపెట్టి నీ ఎంట ఎందుకొస్తరు?”

అబ్బా ఒక్కొక్క బొమ్మ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. “నాగా. నాగా. వీడూ నాగా.” నూట నలభైలో యాభై తీశారు. తొంభై మిగిలాయి. పక్కన పడ్డ యాభై పగడీలు చూసి చోటూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నీ వాడు చుట్టినవే.

ఇక్కడ మాటల మీద ఒక చిన్న పక్కదారి పడతాను. తెలుగులో తనఖా అంటే తాకట్టు. ఉర్దూలో తన్‌ఖా అంటే జీతం. రెండూ ఒకటే మాట. ఆ రోజుల్లో ఫౌజుకి నగదు ఇవ్వడం తక్కువ, ఫలానా పరగణా వసూలు నీ ఫౌజు ఖర్చుకు అని రాసిచ్చేవారు. ఆ రాసిచ్చిన కాగితం తన్‌ఖా. ఒక భాషలో అది జీతమై కూర్చుంది, ఇంకో భాషలో కుదువ అయింది. భూమి వసూలైతేనే జీతం. వానలు పోతే సిపాయి బకాయి.

చోటూ ఊరుకోలేదు. ఎక్కడినుంచి తెచ్చాడో ఆ మాట.

“మరి పప్పా పోతుండు గద! మూడు నెలల్సంది తన్‌ఖా లేదు, అయినా రోజూ పోతుండు. నాగా పెట్టలే.”

గది ఒక్కసారి చల్లబడింది. నేను పనిచేసే పత్రిక పేరు ఇక్కడ అవసరం లేదు. మూడు నెలలుగా జీతం పడలేదన్నది నిజం. వచ్చే నెల అన్నీ కలిపి వేస్తామని ప్రతి నెలా ఫోను వస్తుంది. ఇల్లు అబ్బా పెన్షన్ మీద, బేగం కుట్టుమిషన్ మీద నడుస్తోంది. పిల్లల ముందు ఈ సంగతి మేము మాట్లాడం. మాట్లాడం అంటే, మెల్లగా మాట్లాడుకుంటాం. రెండు గదుల ఇంట్లో మెల్లగా అన్నది ఎక్కడ ఉంటుంది? వంటింట్లో మిషన్ చప్పుడు ఆగిపోయింది.

అబ్బా నా వైపు చూడలేదు. షత్రంజీ వైపే చూస్తూ కొంచెంసేపు ఉన్నారు. తర్వాత పక్కన పెట్టిన బొమ్మల్లోంచి పది తీసి చోటూ వైపు జరిపారు.

“ఉంటరు. అట్లాంటోళ్ళు పది మంది ఉంటరు.”

మిషన్ మళ్ళీ మొదలైంది. వంద బొమ్మలతో చోటూ ఫౌజు వాగు వైపు కదిలింది.

రెండో ఆదివారం అంతా వాగు దగ్గరే. దీని గురించి చెప్పకుండా ఉండలేను. గుడ్డీ అవతలి ఒడ్డున నలభై బొమ్మలను రెండు వరసల్లో నిలబెట్టింది. మిగతా ఇరవైనీ, సవార్లనూ గుట్ట వెనక దాచి, ఆ సంగతి చిట్టీ మీద రాసి అంపైర్‌కు ఒక్కడికే పంపింది. చోటూకి కనిపించింది నలభై. వాడి దగ్గర వంద. వాడు మూడు కాలమ్‌లు కట్టి ఒకేసారి దుపట్టాలోకి దింపాడు.

“ఛాతీ లోతు నీళ్ళు” అన్నారు అబ్బా. “మందు తడిసింది. ఒడ్డెక్కినంక ఒక దెబ్బ ఎవరూ పేల్చరాదు.”

“తుపాకీ పైకి పట్టుకుంటరు దాదా!”

“తుపాకీ పైకి పడ్తరు. మందు సంచి నడుముకే ఉంటది గద. కొందరు పైకి పడ్తరు, తెలివైనోళ్ళు. ప్రతి పదిమందిలో ముగ్గురు.” నేను రాసుకున్నాను: పదికి మూడు. బాయిలో మందు గురించి అబ్బాతో వాదించే ధైర్యం ఎవరికీ లేదు. మందు పెట్టాక పేలకపోతే ఎంతసేపు ఆగాలో, ఎవరు ముందు పోవాలో, అది ఆయనకు వట్టి ఖాయిదా కాదు.

ఆ కాలం తుపాకీ నున్నటి గొట్టం, నిమిషానికి రెండు మూడు తూటాలకు మించి పేలదు. వంద గజాలు దాటితే తగలడం నసీబ్. అందుకే వరసగా నిలబడి అందరూ ఒకేసారి పేల్చడం. గుడ్డీ నలభై మందీ అట్లా రెండుసార్లు పేల్చారు. చోటూ ముందు వరస పడిపోయింది. కానీ వెనక ఇంకా జనం ఉన్నారు, ఒడ్డెక్కి బయొనెట్లతో మీద పడ్డారు. గుడ్డీ వరస వెనక్కి జరిగింది. చోటూ లేచి గంతేశాడు. అప్పుడు గుట్ట వెనకనుంచి ఇరవై సవార్లు వచ్చాయి.

సవార్లు వస్తే పాదచారులు చౌకోర్ కట్టాలి. నాలుగు దిక్కులా బయొనెట్లు బయటికి పెట్టిన డబ్బా లాగా. గుర్రం ఆ ముళ్ళలోకి దూకదు. చోటూ రెండు పటాలాలను చౌకోర్ కట్టించాడు, సవార్లు చుట్టూ తిరిగి వెనక్కి పోయాయి. కానీ చౌకోర్ కట్టినవాళ్ళు కదలలేరు, ఒకేచోట గుంపుగా ఉంటారు, తోపులకు అంతకంటే తేలిక నిషానా ఉండదు. గుడ్డీ మూడు తోపులూ అటే తిప్పింది. చౌకోర్ విప్పితే సవార్లు, విప్పకపోతే తోపులు. చోటూ చెమటలు తుడుచుకుంటూ పది నిమిషాలు ఆలోచించి, తన తోపులను వాగులోంచి లాగించి గుడ్డీ తోపుల మీద పేల్పించాడు. తోపుకు తోపు. వంద మంది తాళ్ళు కట్టి లాగుతున్నట్టు వాడి గొంతు పోయింది.

మగ్రిబ్ అజాన్‌కు అబ్బా “చీకటి పడ్డది” అన్నారు. లెక్క చూశాం. చోటూవి ఇరవై రెండు పోయాయి, గుడ్డీవి పదిహేడు. చోటూ అవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడు, డెబ్భై ఎనిమిది బొమ్మలతో. అసలు చరిత్రలో ఒక్క తూటా పేలని ఫౌజు వాగు దాటింది. వాడి మొహంలో ఆ వీడియోకు జవాబు కనిపించింది.

డబ్బాలో బొమ్మలు సర్దుతుంటే అబ్బా అడిగారు. “నాల్గు దినాలాయె బయల్దేరి. బియ్యం ఏడికెళ్ళి తెస్తున్నవు? దెబ్బలు తగిలినోళ్ళున్నరు. తన్‌ఖా ఇంక ఇయ్యలే. పొద్దున మస్టర్‌కి ఎందరుంటరు?”

“పక్క ఊర్ల నుంచి తెస్తం.”

“కొంటరా? గుంజుకుంటరా?”

చోటూ జవాబివ్వలేదు. ఆ వారమంతా వాడు నోట్‌బుక్కు వెనక పేజీల్లో లెక్కలు వేసుకుంటూ కనిపించాడు. ఒక రాత్రి నా దగ్గరికొచ్చి, సిపాయి తన్‌ఖా ఎంత ఉండేది, ఫిరంగి ఖీమత్ ఎంత అని అడిగాడు. రెండోదానికి ఎందుకన్నాను. ఊరికే అన్నాడు. సమ్మె గురించి కూడా అడిగాడు. 2011 సకల జనుల సమ్మెలో బాయిలన్నీ బంద్ అయినప్పుడు మన ఇల్లెట్లా గడిచింది పప్పా అని. నాకు గుర్తున్నది చెప్పాను. కిరాణా సేటు ఖాతా పుస్తకం మూయలేదు, అందువల్ల గడిచింది. మా ఇంట్లోనే కాదు, గల్లీ అంతా. మస్టరు పడని రోజులు లెక్కపెట్టుకుంటూ మొగవాళ్ళు చెట్ల కింద కూర్చునేవారు. వాళ్ళని ఎవరూ పిరికివాళ్ళు అనలేదు.

మూడో ఆదివారం చోటూ ఫౌజును కదపలేదు. ఒక చిట్టీ రాసి మడిచి నాకిచ్చాడు. హర్కారా తెరిచి చదవకూడదన్నది మా ఖాయిదా. గుడ్డీ చదివి పగలబడి నవ్వింది. నవ్వి, మళ్ళీ చదివి, నవ్వాపి అంపైర్‌కు ఇచ్చింది. అందులో ఇంతే ఉంది: ‘నా తోపులు ఐదు కొంటవా? అందరి బకాయి తన్‌ఖా ఇయ్యాలె. నాగా ఉన్న నలభై మందిది కూడ. చచ్చిపోయినోళ్ళ ఇండ్లకు కూడ.’

“దుష్మన్‌కే అమ్ముతవా?” అంది గుడ్డీ.

“ఊర్లు దోస్తే వాళ్ళ శాపనార్థాలు ఎవరికి? తన్‌ఖా ఇయ్యకపోతే దాదా రోజూ పదిమందిని తీస్తడు. కృష్ణ దాకా పోయేసరికి నేనూ గుర్రమే మిగులుతం.”

తర్వాత నడిచింది బేరం. గంటన్నర. గుడ్డీ ఇంగ్రేజులాగానే ఆడింది. తోపులు ఒక్కటే చాలవు, తుపాకులు కూడా కింద పెట్టాలంది. చోటూ, ముందు పైకం అన్నాడు. గుడ్డీ, ముందు తుపాకులు అంది. అబ్బా జోక్యం చేసుకోలేదు. సగం పైకం ముందు, సగం తర్వాత అన్నదగ్గర ఒప్పందమైంది. చోటూ నిర్మల్ గుర్రం మీదున్న పిరోన్‌ను ఏం చేయాలన్న సంగతి వచ్చింది. “వాడిని ఫ్రాన్స్ పంపిచ్చెయ్. వాడికి బకాయి లేదు” అన్నాడు చోటూ.

అప్పుడు నేను వాళ్ళకు మిగతాది చెప్పాను. ఆట పాడుకాకూడదని దాచి ఉంచిన ముక్క. 1798 అక్టోబర్ 22కు ముందు ఆ ఛావనీలో ఏం జరిగిందంటే, దళం రద్దన్న హుకుం చదవగానే సిపాయిలు తిరగబడ్డారు. ఇంగ్రేజుల మీద కాదు. తమ ఫ్రెంచి అఫ్సర్ల మీద. మా బకాయి ఎవరిస్తారు అని పిరోన్‌నే పట్టి బంధించారు. రెసిడెంట్ కర్క్‌పాట్రిక్ కింద పనిచేసే మాల్కమ్ అనే కుర్ర అఫ్సర్ వాళ్ళతో మాట్లాడటానికి పోయాడు. చుట్టూ కంపెనీ పటాలాలు, తోపులు ఉన్న మాట నిజం. కానీ లోపల మాట్లాడుకున్నది తన్‌ఖా సంగతి. బకాయి దక్కుతుందన్న మాట తీసుకుని తుపాకులు కింద పెట్టారు. ఫ్రెంచి అఫ్సర్లను యూరప్‌కు పంపించారు.

చోటూ చాలాసేపు తన చిట్టీని చూసుకున్నాడు. “అంటే నేను గూడ గదే చేసిన్నా?”

“నువ్వు చచ్చినోళ్ళ ఇండ్లకు గూడ అడిగినవు” అన్నారు అబ్బా. “అది వాళ్ళకు ముట్టిందో లేదో.”

ఇంతటితో అయిపోతే నాకు హాయిగా ఉండేది. గుడ్డీ ఊరుకునే రకం కాదు. తర్వాతి నాలుగు రోజుల్లో ఫోనులో వెతికి తెచ్చింది. 1799లో కంపెనీ ఫౌజు శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు నిజాం ఫౌజు కూడా పోయింది. దానిలో ఈ రద్దయిన ఫ్రెంచి దళం సిపాయిలు కొందరు ఉన్నారు. వాళ్ళ మీద ఇంచార్జి ఆ మాల్కమే. ఆ నిజాం ఫౌజు మొత్తానికి తోడుగా వేసిన ఇంగ్రేజు కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీ, పదహారేళ్ళ తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినవాడు. మే 4న టీపూ షహీద్ అయ్యాడు.

చోటూకు ఇది మింగుడు పడలేదు. బకాయి తీసుకుని ఇంటికి పోయారనుకున్నాడు వాడు. “టీపూ మీదికి పోయిన్రా? ఎవరి తన్‌ఖా తిని?”

“ఒక బాయి మూతపడితే ఇంకో బాయికి ట్రాన్స్‌ఫర్ అయితరు గద” అన్నారు అబ్బా. “ఇంట్ల పొయ్యి ఎలగాలె.”

“బాయి వేరు దాదా. బాయిల ఎవర్నీ చంపరు.”

అబ్బా దానికి ఏదో అనబోయి ఆగారు. మా గల్లీలో బాయిలో పోయినవాళ్ళ ఇళ్ళు రెండున్నాయి. చోటూకూ తెలుసు. అటు అమ్మీ గొంతు సవరించుకుంది, చాయ్ పెట్టనా అని. ఎవరూ జవాబివ్వకపోయినా పెట్టింది.

గుడ్డీ ఇప్పుడు శ్రీరంగపట్నం ఆడదామంటోంది. కోటకు పాత అట్టపెట్టెలు పోగేసింది. కావేరికి అదే నీలం దుపట్టా. ఈసారి టీపూ వైపు చోటూ, అందులో తగాదా లేదు. ఇంగ్రేజు, నిజాం ఫౌజులకు బొమ్మలు చాలడం లేదు, పాత ఫ్రెంచి దళం బొమ్మలు తనకివ్వమంది. చరిత్ర ప్రకారం అవి తనవేనంది. న్యాయంగా అడిగింది. చోటూ డబ్బా తెచ్చి షత్రంజీ మీద పోసి, తాను చుట్టిన పగడీలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. ముప్ఫై బొమ్మలు లెక్కపెట్టి గుడ్డీకి ఇచ్చాడు. మిగతావి మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టాడు.

“ఇవో?” అంది గుడ్డీ.

“అవి నాగా” అన్నాడు చోటూ. అంపైర్ వైపు చూశాం. అబ్బా మస్టర్ కాగితం తెమ్మన్నారు, రాసుకోవడానికి.